గడి చెరిపితే గల్లంతయ్యేది ఎవరు?

తెలంగాణ పహాణీలో ఒకప్పుడు రెండు పేర్లు పక్కపక్కనే కనిపించేవి. ఒకటి పట్టాదారు, రెండోది అనుభవదారు. భూమి ఎవరిదో మొదటి గడి చెప్పేది, ఆ భూమిని దున్నుతున్నది ఎవరో రెండో గడి చెప్పేది. 2017లో రికార్డుల ప్రక్షాళన మొదలైంది, 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ వచ్చింది. ఈ మధ్యలో అనుభవదారు గడి ఎగిరిపోయింది. దాన్ని అడ్డం పెట్టుకుని తగాదాలు, లంచాలు నడుస్తున్నాయని అప్పటి ప్రభుత్వం చెప్పింది. ఆ మాటలో నిజమెంతన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. ఏ పొలం గట్టూ గజం జరగలేదు. అందుకోసం ఏ రైతు పేరునూ విడిగా కొట్టేయాల్సిన పని పడలేదు. పోయింది గడి మాత్రమే. దాంతో కౌలుదారు కాగితం మీద లేకుండా పోయాడు.

కంప్యూటర్ వాళ్లు ఆ గడిని డేటా డెఫినిషన్ అంటారు. గడిలో రాసిన పేరు డేటా. అక్కడ ఒక గడి ఉండాలని, అందులో పేరే రాయాలని, అది ఇన్ని అక్షరాలకు మించకూడదని, ఫలానా కాగితానికి ఫలానా చోట అతుక్కోవాలని చెప్పేది డెఫినిషన్. పేరు చెరిపితే ఒక మనిషికి నష్టం. గడి చెరిపితే అందులో ఉన్నవాళ్లందరికీ, రేపు అందులోకి రావాల్సినవాళ్లకీ నష్టం. రెంటికీ మనం వాడే మాట మాత్రం ఒకటే, డిలీట్.

పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి గడులు చెరిపే పని ఇన్నాళ్లూ కొద్దిమంది చేతుల్లోనే ఉండేది. ఇప్పుడది ఏఐ ఏజెంట్ల చేతికి వస్తోంది. చాట్ పెట్టెలో ‘పాత వ్యూలు వాడకంలో లేవు, తీసెయ్’ అని రాస్తే చాలు. వెతకడం, తాళం తీయడం, చెరపడం ఏజెంటే చూసుకుంటుంది. ఇలాంటి పనిముట్లు తయారవడంలో తప్పేమీ లేదు. వాటిని ఎవరి చేతిలో పెడుతున్నామన్నదే ప్రశ్న. వెతికే పనికి ఏజెంట్‌ను మించింది లేదు. చెరిపే పని మాత్రం దానికి అప్పగించకూడదు. ఎందుకో అర్థం కావాలంటే కొంచెం లోపలికి వెళ్లాలి.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన సాఫ్ట్‌వేర్‌తోనే మొదలుపెడదాం. 1972లో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఇంజినీర్లు జర్మనీలో పెట్టిన కంపెనీ శాప్. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న గల్లీల్లో నడిచినవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. గోడ మీద గోడ, బోర్డు మీద బోర్డు. ఇక్కడ కోచింగ్ తీసుకుని అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉద్యోగం చేస్తున్నవాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉంటారు. ఏదైనా పెద్ద కంపెనీలో సరుకు కొనడం, అమ్మడం, జీతాలు, పన్నులు, ఖాతాలు అన్నీ శాప్ మీద నడుస్తుంటే, వాటి అడుగున డేటా డిక్షనరీ అని ఒకటుంటుంది. గడుల నిఘంటువు అనుకోవచ్చు. కంపెనీ కోడ్‌ను సూచించే గడి పేరు అక్కడ బీయూకేఆర్‌ఎస్. అది ఓ జర్మన్ మాటకు కురచ రూపం. నాలుగక్షరాలు పట్టే ఆ గడిని ఎన్ని టేబుళ్లు, ఎన్ని ప్రోగ్రాములు వాడుకుంటున్నాయో లెక్కపెట్టడం కష్టం. జర్మన్ ముక్క రాని అమీర్‌పేట కుర్రాడు కూడా నిద్రలో లేపి అడిగితే ఆ పేరు చెబుతాడు.

శాప్ సొంత గడుల జోలికి ఎవరూ వెళ్లరు. గొడవంతా జెడ్ దగ్గర. కంపెనీలు తమ అవసరానికి సొంతంగా చేయించుకున్న టేబుళ్లు, ప్రోగ్రాముల పేర్లు జెడ్‌తోనో వైతోనో మొదలవ్వాలన్నది శాప్ నియమం. ఇరవై ఏళ్లుగా శాప్ నడుపుతున్న కంపెనీలో ఈ జెడ్ సామాను కుప్పలు తెప్పలుగా పేరుకుంటుంది. చేయించిన మేనేజర్ వెళ్లిపోయి ఉంటాడు. రాసిన అబాప్ (శాప్ సొంత భాష) ప్రోగ్రామర్ మూడు ఉద్యోగాలు మారి ఉంటాడు. అది ఎందుకు పెట్టారో చెప్పే కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పాత శాప్ ఈసీసీకి మామూలు నిర్వహణ 2027 చివరితో ఆగిపోతుంది. అదనంగా డబ్బు కడితే 2030 దాకా సాగదీయొచ్చు. ఆలోగా కొత్తదైన ఎస్ ఫోర్ హనాకు మారాలి. ఇల్లు మారేటప్పుడు అటక దులిపినట్టే ఇప్పుడు చాలా కంపెనీలు జెడ్ సామాను దులుపుతున్నాయి. చెరిపే ఏజెంట్లకు గిరాకీ పుట్టింది ఇక్కడే.

దులపొద్దని ఎవరూ అనరు. పాతది వదిలేస్తే ఏమవుతుందో 2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ మార్కెట్ చూసింది. నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ తన కొత్త ప్రోగ్రామ్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టాలి. ఏడింటిలో పెట్టి ఒకదాన్ని మరిచిపోయారు. ఆ ఎనిమిదో దానిలో, 2003 తర్వాత ఎవరూ వాడని పాత కోడ్ ఇంకా ఉంది. ఆ పాత కోడ్‌ను లేపడానికి ఒకప్పుడు వాడిన గుర్తునే కొత్త ప్రోగ్రామ్‌కూ వాడారు. మార్కెట్ తెరవగానే తొమ్మిదేళ్ల నాటి ఆ కోడ్ లేచి కూర్చుంది, కొంటూ అమ్ముతూ పోయింది. ముప్పావు గంటలో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మరుసటి ఏడాదికి ఆ సంస్థ వేరేవాళ్లలో కలిసిపోయింది. కాబట్టి చెత్త ఉంచుకోవడమూ ప్రమాదమే. దాన్ని ఎవరు తీయాలి, ఎలా తీయాలి అన్న దగ్గరే తేడా వస్తుంది.

ఇప్పుడు ఏజెంట్ ఆ పని ఎలా చేస్తుందో దగ్గరగా చూద్దాం. శాప్‌లో చాలామంది ప్రోగ్రామర్లు ఎక్లిప్స్ అనే ఎడిటర్‌లో కూర్చుని పని చేస్తారు. ఆ ఎడిటర్ వెనక నుంచి శాప్ సర్వర్‌తో మాట్లాడే దారి ఒకటుంది. ఏజెంట్లకు ఇచ్చే పనిముట్లు ఆ దారినే వాడుకుంటున్నాయి. సీడీఎస్ వ్యూ అనే రకం గడిని చెరపాలంటే, ముందు సర్వర్‌ను తాళం అడగాలి. సర్వర్ ఒక తాళం చీటీ ఇస్తుంది. ఆ చీటీ, మార్పులను ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి మోసుకెళ్లే ట్రాన్స్‌పోర్ట్ నంబర్ కలిపి డిలీట్ అని పంపితే వ్యూ పోతుంది. వ్యూ కిటికీ లాంటిది. కిటికీ మూసేసినా గదిలో సామాను ఉంటుంది. టేబుల్ అలా కాదు, అదే గది. టేబుల్ చెరిపిన ట్రాన్స్‌పోర్ట్ డెవలప్‌మెంట్ నుంచి క్వాలిటీకి, అక్కడి నుంచి అసలు వ్యాపారం నడిచే ప్రొడక్షన్‌కు చేరిందంటే, అక్కడ ఆ టేబుల్‌లో ఉన్న వరుసలన్నీ దాంతోపాటే పోతాయి. ఏజెంట్ దృష్టిలో మాత్రం రెండూ దాదాపు ఒకే రకం పిలుపు, పేరే తేడా.

అసలు చిక్కు ఆ తర్వాతి అడుగులో ఉంది. శాప్ కట్టినవాళ్లు అమాయకులు కారు. ఒక గడిని ఇంకెవరో వాడుతుంటే, దాన్ని చెరపబోయినప్పుడు సర్వర్ అడ్డు చెబుతుంది, ‘ఇది ఇంకా వాడకంలో ఉంది’ అని. మనిషికి ఆ మాట కనిపిస్తే చేయి ఆగుతుంది. టీ తాగి వచ్చి ఇంకొకరిని అడుగుతాడు. భయం వేస్తే వదిలేసి ఇంటికి పోతాడు. ఏజెంట్‌కు ఎర్రర్ కనిపిస్తే ఆగదు. పని పూర్తి చేయమని చెప్పాం కదా, అడ్డం వచ్చినదాన్ని దాటే దారి వెతుకుతుంది. ‘ఈ గడిని ఆ వ్యూ వాడుతోంది, కాబట్టి ముందు ఆ వ్యూ తీయాలి. దాన్ని ఇంకో రెండు వ్యూలు వాడుతున్నాయి, వాటినీ తీయాలి’ అని జాబితా వేసుకుంటుంది. ఆపడానికి పెట్టిన హెచ్చరికే తర్వాత ఏం చెరపాలో చెప్పే చిట్టా అయిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఈ వ్యవస్థల్లో పెట్టిన కాపలాలన్నీ సంకోచించే మనిషిని దృష్టిలో పెట్టుకుని కట్టినవే. సంకోచమే లేనివాడి చేతికి అవే తాళాలు ఇస్తున్నాం.

పోనీ, వాడకంలో ఉందో లేదో ఏజెంటే జాగ్రత్తగా చూసుకుంటుందిగా అనొచ్చు. చూసుకుంటుంది. శాప్‌లో ‘వేర్ యూజ్డ్’ అనే సదుపాయం ఉంది. ఏ గడిని ఎవరెవరు వాడుతున్నారో జాబితా ఇస్తుంది. అయితే ఆ జాబితాకు కనబడేది కోడ్‌లో పేరు నేరుగా రాసి ఉన్న చోట్లు. ఒక మందుల పంపిణీ కంపెనీ ఉందనుకుందాం. డీలర్లకు ఏడాది చివర ఇచ్చే రిబేటు రేట్లు ప్రాంతానికొక జెడ్ టేబుల్‌లో పెట్టుకున్నారు. రిబేటు లెక్కకట్టే ప్రోగ్రామ్‌లో టేబుల్ పేరు పూర్తిగా ఎక్కడా రాసి ఉండదు. ముందు భాగం ఒక చోట, ప్రాంతం కోడ్ ఇంకో చోట ఉంటాయి, రెంటినీ నడుస్తున్నప్పుడే అతికించుకుంటుంది. అలా రాయడం అబాప్‌లో మామూలే. అక్టోబర్‌లో ఏజెంట్ వెతికింది. వేర్ యూజ్డ్ జాబితా ఖాళీ. గత ఆరు నెలల్లో ఎవరైనా ఈ టేబుల్ తెరిచారా అని లాగ్ చూసింది, లేదు. టేబుల్‌ను చెరిపేసి, చేసిన పని చక్కటి పట్టికలో పెట్టి చూపించింది. మార్చి 31 రాత్రి పదకొండింటికి రిబేటు జాబ్ మొదలవుతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, అప్పుడు టికెట్ పడుతుంది.

ఇంట్లో అటక మీద పెద్ద గుండిగ ఒకటుంటుంది. పెళ్లికో సంక్రాంతికో తప్ప దించరు. ఏడాదిలో పదకొండు నెలలు దుమ్ము కొట్టుకుని కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన పనిమనిషి దాన్ని పాత సామానువాడికి వేసేస్తే ఆమె తప్పేం లేదు. ఆమెకు కనిపించింది వాడని గిన్నె. అది ఎందుకుందో నానమ్మకు తెలుసు. కంపెనీల్లో ఆ నానమ్మ పాత్ర ఖాతాల విభాగంలో పదిహేనేళ్లుగా కూర్చున్న ఉద్యోగిదో, రిటైరై రాజమండ్రిలో ఉంటున్న పాత కన్సల్టెంట్‌దో అవుతుంది. ఆ జ్ఞానం ఏ డిక్షనరీలోనూ లేదు. అందుకే వాడకం లెక్కలు తీసేటప్పుడు కనీసం ఏడాది పొడవునా తీయాలని, ఏడాది చివరి జాబులు అందులో పడాలని శాప్ పని తెలిసినవాళ్లు పదేపదే చెబుతారు. ఏడాది ఆగమంటే ఏజెంట్‌కు అభ్యంతరం ఉండదు. ఆగలేనిది దాన్ని కొన్న మేనేజర్.

మనిషి ఉంటే తప్పు జరగదా? జరుగుతుంది. ఈ వాదనలో గట్టి ఉదాహరణ మనిషికి వ్యతిరేకంగానే ఉంది. అది దాచి రాయడం న్యాయం కాదు.

2022 ఏప్రిల్ 5. ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్. జీరా, కాన్‌ఫ్లుయెన్స్ తయారు చేసేది వీళ్లే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తెలుగువాళ్లలో జీరా టికెట్ మొహం చూడనివాళ్లు తక్కువ. ఆ కంపెనీ ఒక పాత యాప్‌ను వదిలించుకోవాలనుకుంది. అది చేసే పని అప్పటికే జీరాలో కలిసిపోయింది, విడి యాప్ అక్కర్లేదు. ఒక జట్టు తీసేయమని అడిగింది, ఇంకో జట్టు స్క్రిప్ట్ నడపాలి. తీయాల్సిన యాప్ ఐడీల జాబితా ఇవ్వాల్సిన జట్టు, ఆ యాప్ ఉన్న సైట్ల ఐడీల జాబితా ఇచ్చింది. సైట్ అంటే ఒక్కో ఖాతాదారుడి మొత్తం ఇల్లు. చెరిపే ఏపీఐకి (స్క్రిప్ట్ పిలిచే ద్వారానికి) రెండు రకాల ఐడీలూ సమ్మతమే. యాప్ ఐడీ ఇస్తే యాప్ తీస్తుంది, సైట్ ఐడీ ఇస్తే సైట్ తీస్తుంది. ‘ఇది సైట్, నిజంగానే తీయాలా’ అని అడగదు. పైగా స్క్రిప్ట్‌కు రెండు పద్ధతులున్నాయి. ఒకటి ముందు గుర్తు పెట్టి ఉంచేది, మళ్లీ తెచ్చుకోవచ్చు. రెండోది శాశ్వతంగా తీసేసేది. ఆ రోజు నడిచింది రెండోది.

ఇరవై మూడు నిమిషాల్లో 883 సైట్లు పోయాయి. 775 మంది ఖాతాదారులు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. కొందరికి తమ సైట్ తిరిగి రావడానికి 14 రోజులు పట్టింది. బ్యాకప్‌లు ఉన్నాయి. కానీ అవి మొత్తం వ్యవస్థను ఒక్కసారి వెనక్కి తిప్పడానికి పనికొచ్చేవి. వందల ఇళ్లను విడివిడిగా ఏరి, చెక్కుచెదరని పొరుగిళ్లను కదపకుండా నిలబెట్టడానికి పనికొచ్చేవి కావు.

అట్లాసియన్ తర్వాత తన తప్పును విప్పి రాసుకుంది. అందులో ఒక మాట దగ్గర ఆగాలి. ఆ స్క్రిప్ట్‌ను నడపకముందు తోటి ఇంజినీర్లు చూశారు. ఏ ఏపీఐని పిలుస్తోంది, ఎలా పిలుస్తోంది అన్నది చూశారు. ఇచ్చిన ఐడీలు యాప్‌లవా, సైట్లవా అన్నది చూడలేదు. అంటే ఆమోదించే మనుషులు ఉన్నారు. వాళ్లకు కనిపించింది అంకెల దండ. అందులో దేన్ని చెరుపుతున్నామో చెప్పే మాట లేదు. ఇవాళ ఏజెంట్ చాట్‌లో ‘ఈ 41 డెఫినిషన్లు తీసేయనా? అవును, కాదు’ అని అడిగితే ‘అవును’ నొక్కే ఉద్యోగి పరిస్థితీ అదే. మూడోసారికి చదవడు. పదోసారికి ‘ఇక అడక్కు, అన్నీ ఓకే’ అన్న బటన్ ఎక్కడుందో వెతుకుతాడు. మనిషిని మధ్యలో పెట్టామని చెప్పుకోవడం సులువు. ఆ మనిషికి చదవదగ్గ విషయం ముందు పెట్టామా అన్నది ఎవరూ అడగరు.

ఏజెంటే చెరిపిన కేసూ లేకపోలేదు. 2025 జూలైలో అమెరికా వ్యాపారి జేసన్ లెమ్‌కిన్ రెప్లిట్ అనే వేదిక మీద, కోడ్ రాయకుండా మాటలతోనే యాప్ కట్టించే ప్రయోగం చేస్తున్నాడు. తొమ్మిదో రోజున, ఏమీ మార్చొద్దని చెప్పిన సమయంలో ఏజెంట్ ప్రొడక్షన్ డేటాబేస్‌నే చెరిపేసింది. 1,200 మందికి పైగా కంపెనీ అధికారుల వివరాలు అందులో ఉన్నాయి. అడిగితే, ఖాళీ ఫలితాలు చూసి కంగారుపడ్డానన్న ధోరణిలో ఒప్పుకుంది. అంతటితో ఆగలేదు. వెనక్కి తేవడం కుదరదని కూడా చెప్పింది. లెమ్‌కిన్ స్వయంగా ప్రయత్నిస్తే డేటా వెనక్కి వచ్చింది! రెప్లిట్ అధినేత అంజద్ మసాద్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. డెవలప్‌మెంట్ డేటాబేస్, ప్రొడక్షన్ డేటాబేస్ తమంతట తామే విడివిడిగా ఉండేలా మార్పులు చేశారు.

ఇక్కడ నవ్వు తెప్పించే ‘కంగారు’ మాటను పక్కన పెట్టి, వెనక్కి తేవడం కుదరదన్న అబద్ధాన్ని చూడాలి. అది అబద్ధమాడాలని ఆడిందని కాదు. తెలియని సంగతిని తెలిసినట్టే చెప్పింది. చెరపడం కన్నా ఇది ప్రమాదం. ఇల్లు తగలబడుతున్నప్పుడు ‘బావిలో నీళ్లు లేవు’ అని ధీమాగా చెప్పినట్టు. లెమ్‌కిన్ నమ్మి ఊరుకుంటే ఆ డేటా నిజంగానే పోయేది. ‘మార్చొద్దు’ అన్న మాట చాట్‌లో ఉంది. చాట్‌లో ఉన్నది మాటే. తలుపుకు గడియ పెట్టలేదు, ‘లోపలికి రావద్దు’ అని కాగితం అంటించారు.

ఏజెంట్ల ప్రపంచంలో ఇలాంటి కాగితాలు ఎక్కువ. ఏజెంట్‌కు పనిముట్లు తగిలించడానికి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న పద్ధతి మోడల్ కాంటెక్స్ట్ ప్రొటోకాల్. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసింది. అందులో ప్రతి పనిముట్టుకూ కొన్ని చీటీలు తగిలించొచ్చు. ఇది చదివేది మాత్రమే అని ఒక చీటీ, ఇది చెరిపేది అని ఒక చీటీ. ఆ చీటీల పేర్లలోనే ‘హింట్’ అని ఉంది. అవి సూచనలు మాత్రమేనని, నమ్మకం లేని సర్వర్ తగిలించిన చీటీని నమ్మొద్దని ఆ నియమావళే చెబుతుంది. రాసినవాళ్లు నిజాయితీగానే రాశారు. వాడుతున్నవాళ్లు చీటీని తాళం అనుకుంటున్నారు.

బ్యాకప్ ఉందిగా అన్నది అందరూ చెప్పే చివరి ధైర్యం. 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే వేదిక నడిపే గిట్‌ల్యాబ్‌లో రాత్రి పొద్దుపోయేదాకా పని చేస్తున్న ఇంజినీర్ ఒకరు, ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటా ఫోల్డర్ చెరిపేశారు. పొరపాటు గ్రహించి ఆపేసరికి 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్‌కు ఐదు ఏర్పాట్లున్నాయి. ఒక్కటీ సరిగా పని చేయలేదు. ఆరు గంటల ముందు అదే ఇంజినీర్ వేరే పని కోసం చేతితో తీసిపెట్టిన నకలు వాళ్లను కాపాడింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం తిరిగి రాలేదు. గిట్‌ల్యాబ్ ఆ ఇంజినీర్‌ను బలిపశువును చేయలేదు. జరుగుతున్నదంతా యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపిస్తూ బాగు చేసుకుంది. ఆ పెద్దమనసు అన్ని కంపెనీలకూ ఉండదు.

ఈ మాట హైదరాబాద్‌కు నేరుగా తగులుతుంది. అమెరికా, యూరప్ కంపెనీల శాప్ సపోర్ట్ పని ఇక్కడ గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో రాత్రి షిఫ్టుల్లో జరుగుతుంది. ఏజెంట్‌కు విడిగా యూజర్ ఐడీ తీయాలంటే లైసెన్సు ఖర్చు, సెక్యూరిటీ వాళ్ల అనుమతి, నాలుగు మీటింగులు. అంతకన్నా తేలిక, జట్టులో ఉన్న కుర్రాడి ఐడీతో తగిలించేయడం. ఎక్లిప్స్‌లో అతను లాగిన్ అయ్యే ఉన్నాడు కదా. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఆ రోజు నుంచి ఏజెంట్ చేసే ప్రతి పనీ అతని పేరు మీద నమోదవుతుంది. శాప్‌లో ఏ వస్తువును చివరిసారి ఎవరు మార్చారో, ఏ ట్రాన్స్‌పోర్ట్ ఎవరి పేరున ఉందో స్పష్టంగా రాసి ఉంటుంది. మార్చి 31 రాత్రి రిబేటు జాబ్ కూలితే, క్లయింట్ నుంచి వచ్చే మొదటి ఫోన్ ఆ పేరుకే. ‘నేను చేయలేదు సార్, ఏజెంట్ చేసింది’ అని చెప్పుకోవడానికి కూడా అతని దగ్గర రుజువు ఉండదు. చాట్ చరిత్ర ఎక్కడ దాచారో, దాచారో లేదో దేవుడికెరుక.

ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాని కుర్రాడి మీద అంత బరువు పెట్టడం అన్యాయం. ఏజెంట్‌ను అమ్మేవాళ్లూ, కొనేవాళ్లూ ఆదా అయిన గంటల లెక్క చూపించుకుంటారు. పోయినప్పుడు లెక్క అతని అప్రైజల్‌లో పడుతుంది.

మరి జెడ్ అటక దులిపేదెలా? ఏజెంట్‌తోనే దులపాలి. లక్షల వరుసల కోడ్ చదివి, ముక్కలుగా అతికించిన టేబుల్ పేర్లను పసిగట్టడం మనిషికి నెలల పని. మాటల్ని అర్థం చేసుకునే ఏజెంట్ అందులో వేర్ యూజ్డ్ జాబితాను మించగలదు. ‘ఈ టేబుల్ పేరు ఎక్కడా లేదు, కానీ ఈ ప్రోగ్రామ్‌లో ప్రాంతం కోడ్‌తో అతికిస్తే ఇదే పేరు వస్తోంది, మార్చిలో ఒక్కసారి నడుస్తుంది’ అని రాసివ్వగలిగితే అది బంగారం. ఏం చెరపొచ్చో, ఎందుకు చెరపొచ్చో, చెరిపితే ఎవరు అరుస్తారో ఒక్కో గడికి నాలుగు వాక్యాల్లో రాసి పెట్టనివ్వండి. 41 గడుల మీద ఒక్క ‘అవును’ కాకుండా, ఆ నాలుగు వాక్యాల కింద ఖాతాల విభాగం నుంచి ఒకరు, అబాప్ జట్టు నుంచి ఒకరు సంతకం చేయాలి. అప్పుడు కూడా వెంటనే చెరపకూడదు. ముందు ఆ గడిని ఎవరూ ముట్టుకోలేని చోటికి జరిపి, ఒక మార్చి 31 దాటనివ్వాలి. ఎవరూ అరవకపోతే అప్పుడు తీసేయొచ్చు. అట్లాసియన్ దగ్గర అలాంటి పద్ధతి ఉంది కూడా. ఆ రోజు వాడలేదు, అంతే.

నిదానం ఖరీదైనదే. 2027 గడువు తరుముకొస్తున్నవాళ్లకు ఈ మాట రుచించదు. కానీ చెరిపే వేగం పెరిగినంత మాత్రాన, చెరిపినదాన్ని తిరిగి నిలబెట్టే వేగం పెరగలేదు. అట్లాసియన్ లెక్కే తీసుకోండి, ఇరవై మూడు నిమిషాలకు పద్నాలుగు రోజులు.

చివరగా, పెద్దగా ఖర్చు కాని పని ఒకటుంది. శాప్‌లో ప్రోగ్రాములు, గడులు ఎవరు ముట్టుకోవచ్చో ఎస్ డెవలప్ అనే అధికార పత్రం నిర్ణయిస్తుంది. అందులో పనులకు అంకెలుంటాయి. 01 అంటే కొత్తది చేయడం, 02 మార్చడం, 03 చూడటం, 06 చెరపడం. నక్షత్రం గుర్తు (*) ఉంటే అన్నీ ఇచ్చినట్టే. మీ కంపెనీలో ఏజెంట్ ఏ యూజర్ పేరుతో లోపలికి వస్తోందో కనుక్కోండి. అది ఎవరో కుర్రాడి పేరైతే ముందు విడదీయించండి. తర్వాత ఆ యూజర్‌కు ఎస్ డెవలప్ ఎదురుగా ఏముందో చూడమని సెక్యూరిటీ వాళ్లకు ఈరోజే ఒక టికెట్ వేయండి. వెతికే పనికి 03 చాలు. నక్షత్రం గుర్తు గానీ 06 గానీ కనిపిస్తే తీయించండి.